అంతోనయ్య చెక్కిన గుడ్డేలుగు

మనుషుల్ని చేసేటప్పుడు దేవుడు ఒక్కొక్కరి దగ్గర ఒక్కోచోట కాస్త ఎక్కువసేపు ఆగుతాడు కాబోలు. కొందరికి కళ్ళ దగ్గర ఆగుతాడు, కొందరికి కాళ్ళ దగ్గర. జూలూరుపాడు అంతోనయ్య వంతు వచ్చేసరికి నోటి దగ్గర ఆగి, అది బాగా కుదిరిందన్న సంబరంలో చేతుల సంగతి కాస్త మరిచిపోయాడు. దీన్ని దేవుడి తప్పనడానికి నాకు నోరు రాదు. అంతోనయ్య తప్పనడానికి మనసు రాదు.

అంతోనయ్య ముప్ఫై నాలుగేళ్ళు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. భూమి లోపల పైకప్పు కూలి మీద పడకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. రిటైరై ఐదేళ్ళయింది. ఆదివారం గుళ్ళో పఠనం చదివేది ఆయనే. మైకు లేకపోయినా చివరి వరసలో కునుకు తీసేవాళ్ళు ఉలిక్కిపడి సిలువ గుర్తు వేసుకునేంత గొంతు. మిగతా ఆరు రోజులు ఆ గొంతుకు పని, రోడ్డు పక్క జంపయ్య చాయ్ బండి దగ్గర.

ఆ రోజు ఏప్రిల్ ఎండ, మధ్యాహ్నం మూడు దాటింది. అంతోనయ్య బల్ల మీద కుదురుగా లేడు. లేచి ఏన్కూరు వైపు రోడ్డు చూస్తాడు, వచ్చి కూర్చుంటాడు. చెప్పులు విడుస్తాడు, మళ్ళీ తొడుక్కుంటాడు. చాయ్ చల్లారిపోయింది. దాన్ని ఊదుకుంటూ తాగుతున్నాడు.

"ఎవరొస్తున్నరు మామా, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు మంగయ్య. మంగయ్యది షేర్ ఆటో. ఇంకో ముగ్గురు ఎక్కితేగాని కదలదు కాబట్టి ఆయనకు కావలసినంత తీరిక.

"దీవెన బిడ్డ వస్తంది. నాలుగింటికి. నా పేరు కోసం."

"నీ పేరు ఆమెకు తెల్వదా?"

"పుస్తకం అయిపోవచ్చింది గదరా. ఆఖరి పేజీల చెక్కినాయన పేరు ఎక్కాలె. గది లేకపోతే పుస్తకం అయినట్టు గాదంట."

దీవెన ఖమ్మం పిల్ల. ఖానాపురం హవేలిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ముందు గదినిండా చేత్తో తిప్పే పాత అచ్చు మిషన్ ఒకటి పెట్టుకుని, ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు చేస్తుంది. చెయ్యడమంటే నిజంగా చెయ్యడమే. బొమ్మను చెక్క మీద చెక్కించి, దానికి సిరా పూసి, కాగితం మీద ఒత్తి, ఆ కాగితాలను సూదీ దారంతో కుడుతుంది. ఒక్కో పుస్తకం నలభై ప్రతులే. ఈసారి పుస్తకం పేరు 'అడవి సంత'. అడవిలో జంతువులన్నీ కలిసి వారానికోసారి సంత పెట్టుకుంటే ఏం కొంటాయి, ఏం అమ్ముతాయి అన్న కథ. పన్నెండు బొమ్మలు. బొమ్మలు తనే గీస్తుంది గాని, చెక్కడానికి వేరే చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎక్కడైనా ఉందా అని క్రిస్మస్‌కు ముందు ఇక్కడి గుళ్ళో అడిగితే, అంతోనయ్య అందరికంటే ముందు లేచి, "అరవై వేల దిమ్మెలు నిలబెట్టిన చెయ్యి బిడ్డా ఇది!" అని రెండు చేతులూ చాపాడు.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. దాచిపెట్టి కథ నడపడం నాకు చేతకాదు.

అంతోనయ్య మొదటి చెక్క చెక్కిన మాట నిజం. గుడ్డేలుగు బొమ్మ. మూడు రోజులు చెక్కాక అది ఆలుగడ్డల బస్తాకు చెవులు పెట్టినట్టు వచ్చింది. రెండో చెక్క నిలువునా చీలింది. మూడోదాని మీద ఉలి పెట్టబోతుంటే, పెరట్లో ఒరుగుల కోసం వంకాయలు కోస్తున్న ఆయన భార్య ఇన్నమ్మ, "ఇటియ్యి జర," అంది. ఆమె కోసిన వంకాయ ముక్కను ఎండకు పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు, అంత పల్చన, అంత సమానం. గుడ్డేలుగును ఆమే చెక్కింది. దాని తర్వాతది ఆమే, దాని తర్వాతదీ ఆమే. పన్నెండూ ఆమే. నాలుగు నెలలు, అన్నం తిని గిన్నెలు కడుక్కున్నాక, పెరట్లో నీడ ఉన్నంతసేపు.

చెక్కను గోనెసంచిలో చుట్టి ప్రతి శనివారం మంగయ్య ఆటోలో పంపింది మాత్రం అంతోనయ్యే. దీవెన మొదటి అచ్చు తీసుకొచ్చి ఈ చాయ్ బండి దగ్గర విప్పిన రోజు అందరూ నోళ్ళు తెరిచి, "నువ్వేనా చెక్కింది?" అని అడిగారు. రిటైరైన ఐదేళ్ళలో ఆయన్ను ఎవరూ అలా చూడలేదు. "మరి ఇంకెవరు?" అన్నాడు. అది అబద్ధం కాదు, ప్రశ్న అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఆ ప్రశ్నను నాలుగు నెలలుగా మోస్తున్నాడు.

మొన్న సోమవారం ఇన్నమ్మ ఆఖరి చెక్క మీద పొట్టు ఊదుతూ, "పుస్తకం ఆఖర్ల ఏముంటది?" అని అడిగింది.

"పేర్లుంటయ్."

"ఎవరియి?"

అంతోనయ్య మంచినీళ్ళకని లేచి లోపలికి పోయాడు. ఇన్నమ్మ మళ్ళీ అడగలేదు. అడిగినా కాస్త నయంగా ఉండేది. నలభై పుస్తకాల మీద ఒకసారి పడిన పేరు ఇక చెరిగేది కాదు. నాలుగింటిలోపు దీవెనకో, ఇన్నమ్మకో, ఎవరో ఒకరికి ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలో తెలియనప్పుడు అంతోనయ్య చేసే పని ఒక్కటే. మాట్లాడతాడు.

"అసలు గా గుడ్డేలుగు బొమ్మ ఎట్ల కుదిరిందో మీకు చెప్పిన్నా?"

"చెప్పినవే అన్నా, ముప్పై సార్లు," అన్నాడు జంపయ్య, గిన్నెలో చాయ్ పత్తా వేస్తూ.

"గది చిన్నగ చెప్పిన. మొత్తం చెప్పలే. పొద్దుగాల్నే లేసిన, జపమాల చెప్పుకున్న, ఉలి పట్టిన. చాయ్ గూడ తాగకుండ ఒక్క పూటల వీపు మీద బొచ్చు మొత్తం చెక్కి పడేసిన. ఎన్ని వెంట్రుకలో ఎరుకనా? నాలుగు వందల పదహారు. నమ్మకపోతే లెక్కపెట్టుకో."

"నాకు చింతచిగురు అమ్ముకునే పని లేదా ఏంది," అంది కమ్లి. తండా నుంచి గంపతో వచ్చి బండి నీడన కూర్చునే మనిషి. ఆమె గంప ఖాళీ అయ్యేదాకా ఎవరేం చెప్పినా వింటుంది.

"సరే, వినుండ్రి. ఆఖరి వెంట్రుక చెక్కి అట్ల తల ఎత్తిన్నో లేదో, పెరడు గోడ అవతల బుస్సుబుస్సుమని సప్పుడు. ఏందని చూద్దును గదా, గుడ్డేలుగు! నిజంది! ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకొని తింటా, నడుమ నడుమ తల ఎత్తి నా చెక్క దిక్కు చూస్తంది, తనది తనకు మంచిగొచ్చిందా లేదా అని."

"క్రిస్మస్ నెలల ఇప్పపువ్వు ఎక్కడిదన్నా?" అంది కమ్లి. "మాకు తెల్వదా? అది ఎండలు ముదిరితేగాని రాలదు."

ఇంకొకడైతే ఇక్కడ తడబడేవాడు. అంతోనయ్యకు అడ్డుపుల్ల వేస్తే అది నిచ్చెనమెట్టు అవుతుంది.

"అదే గద కమ్లీ వింత! చెట్టు మోసపోయింది. నా బొమ్మల గుడ్డేలుగు ఇప్పపువ్వు తింటున్నది గదా, అది చూసి చెట్టు ఎండకాలం వచ్చిందనుకొని పూత రాల్చింది. ఇగ నేను దానితోటి అన్న, గుడ్డేలుగుతోటి, ఇట్ల రా, కూసో అన్న. కూసున్నది. మెడ తిప్పకు అన్న. తిప్పలే. గంటసేపు, రెండు గంటలు, ముక్కు మీద ఈగ వాలితే గూడ కదలకుండ నా దిక్కు చూసింది, తోలుకోమంటవా అని అడుగుతున్నట్టు."

"తోలుకోమన్నవా?" అన్నాడు మంగయ్య.

"ముక్కు చెక్కుడు అయిపోయినంక తోలుకోమన్న. పనిల మర్యాద ఉండాలె."

బల్ల చివరన బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్ళు దగ్గరికి జరిగారు. అంతోనయ్య ఒకసారి రోడ్డు వైపు చూశాడు. ఏన్కూరు వైపు నుంచి బస్సు ఒకటి వచ్చి ఆగకుండా పోయింది.  ఆయన గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో చెప్తె నిద్ర పట్టదు మీకు. గుడ్డేలుగు ఊకుంటదా? అడవిల పోయి అందరికీ చెప్పుకున్నది. తెల్లారి తలుపు తీస్తే ఇంటి ముంగట లైను! రేషన్ దుకాణం కాడ గూడ అంత లైను చూడలే నేను. ముంగట కొమ్ముల కణుజు, దానెనక దుప్పులు, దుప్పులెనక అలుగు. అది ఉండ చుట్టుకొని దొర్లుకుంటనే వచ్చింది, ఎంత బతిలాడినా విప్పుకోదు, సిగ్గు. నెమలి ఏమో నన్ను మొదటి పేజీల వెయ్యాలె, లేకపోతే ఈక గూడ ఇయ్య అని ఒకటే పేచీ. కొట్లాటలు కావద్దని అడవిదున్నను నిలబెట్టి టోకెన్లు పంచిచ్చిన."

"కొండచిలువ బొమ్మ ఉంది గదా పుస్తకంల, అది రాలేదా?" అన్నాడు జంపయ్య. ఆయన చెయ్యి చాయ్ కలుపుతూనే ఉంది గాని, కళ్ళు మాత్రం కథలో పడ్డాయి.

"రాకేం! దాంతోనే శానా తిప్పలైంది. తల మా పెరట్ల పెట్టింది. తల చెక్కేసరికి పగటి అన్నాల యాళ్ళైంది. తోక ఏదే అంటే ఇంక ఏన్కూరు కాడనే ఉందంట, వస్తున్నదంట. రోడ్డు మీద అడ్డంగ పండుకుంది గదా, బస్సులు, లారీలు అన్ని ఆగినయ్."

"ఆ వారమంత నేను రోజుకు నాలుగు ట్రిప్పులు కొట్టిన మామా," అన్నాడు మంగయ్య. "నాకు ఒక్క కొండచిలువ గూడ కనపడలే."

"ఎట్ల కనపడుతది! స్పీడ్ బ్రేకర్ అనుకొని ఎక్కిచ్చుకొని పోయినవ్ గదరా! రెండు దిక్కులా! అది ఇప్పటికీ నడుం నొప్పి అంటది, ఆటో నంబర్ గూడ గుర్తుపెట్టుకుంది. నువ్వు రాత్రిపూట గా దిక్కు పోకు."

బల్ల అంతా గొల్లుమంది. మంగయ్య కూడా నవ్వి, ఎందుకైనా మంచిదని ఆటో టైర్ల వైపు ఒకసారి చూశాడు. నవ్వు అంతోనయ్య ఒంట్లోకి చాయ్ కంటే వేడిగా దిగింది. ఈ నవ్వు కోసమే కదా నాలుగు నెలలుగా, అనుకున్నాడు. వెంటనే ఇన్నమ్మ పొట్టు ఊదుతున్న మొహం గుర్తొచ్చి, ఆ వేడి సగంలో ఆగిపోయింది. చెప్పులు విడిచాడు. తొడుక్కున్నాడు.

"మరి పులి?" అన్నాడు ఒక ముసలాయన.

"పులి వచ్చింది. కాని లైన్ల నిలబడలే. పెద్దోళ్ళెవరు నిలబడ్డరు లైన్ల? నేరుగ లోపటికొచ్చి నా ముంగట కూసున్నది. ఇగ చారలు చెక్కుడు షురూ జేసిన. ఒక చార, రెండు చారలు, పది చారలు. ఏంది సంగతి, ఇది తెల్లగైతంది అని చూద్దును గదా, నేను చెక్క మీద ఒక చార చెక్కితే పులి ఒంటి మీది చార ఒకటి మాయమైతంది! చెక్క మీదికి ఎక్కుతంది! అయిపోయేసరికి పులి ఉతికిన దుప్పటి లెక్కైంది. దానికి తెల్వది, లేసి దులుపుకొని పోయింది. తెల్లారి మళ్ళొచ్చి ఒకటే ఏడుపు. ఎందుకేడుస్తున్నవే అంటే, ఇంటికి పోతే పెండ్లాం నువ్వెవలు అన్నదంట."

"అయ్యో! మరెట్ల?"

"ఎట్లేంది? బాయిల పనిచేసినోని ఇంట్ల బొగ్గుకు కరువా? బొగ్గుముక్క తీసుకొని చారలన్ని మళ్ళ గీసి పంపిన. వానలు పడితే కారుతయ్, పైలం అని గూడ చెప్పిన."

కమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జంపయ్య పాలు పొంగిపోబోతే చివరి క్షణంలో దించాడు. రోడ్డు అవతల సైకిలు పంక్చర్ వేసేవాడు కూడా చెయ్యి ఆపి వింటున్నాడు. ఇక అంతోనయ్య లేచి నిలబడ్డాడు.

"ఇవన్ని ఒక లెక్క గాదు. పన్నెండో చెక్క! సంత పక్కపొంటి గోదారి పారుతుండాలె. చెక్కుతున్న, చెక్కుతున్న, నీళ్ళకు లోతు రావాలె గదా అని ఉలిని ఒక్క సుత్తిదెబ్బ ఎక్కువ కొట్టిన. దిగింది! ఎక్కడ దిగిందో దేవునికే ఎరుక. సర్రున నీళ్ళు లేసినయ్! ముందుగాల చెంబెడు, తర్వాత బిందెడు, తర్వాత మా పెరడంత గోదారే. అక్కడ భద్రాచలంల నీళ్ళు కొలిచేటోళ్ళు పరేషాన్, ఇదేందిరా నది గంటగంటకూ దిగిపోతంది అని. ఎటు పోతందో చూసుకుంట చూసుకుంట జీపేసుకొని జూలూరుపాడు వచ్చిండ్రు, మా ఇంటి గుమ్మం మీదనే మూడో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేసిండ్రు. లాంచీ ఒకటి జనంతోటి మా వంటింట్లకెళ్ళి పోయింది, హారన్ కొట్టుకుంట. ఇన్నమ్మ పొయ్యి పక్కకు జరిపి దారి ఇచ్చింది. చాపలు! ఇంతింత చాపలు! ఆ రోజు మా ఇంట్ల వండిన పులుసు ఊరందరికి పంచినం!"

"నాకు గూడ పెట్టిందన్నా ఇన్నమ్మక్క," అంది కమ్లి. "కాకపోతే అది పులుసు కాదు, చింతచిగురు పప్పు. చిగురు నేనే ఇచ్చిన."

"చాపలు అయిపోయినంక వచ్చినవ్ నువ్వు!"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో ఒకటి కొత్తది, సన్నటిది, వెనక నుంచి వచ్చింది. అంతోనయ్య తిరిగి చూస్తే దీవెన. భుజాన గుడ్డసంచి, వేళ్ళ కొసలకు ఎంత కడిగినా పోని నల్లసిరా. కొత్తగూడెంలో వేరే పని చూసుకుని, అటు నుంచి వచ్చే ఆటోలో దిగిందట, గోదారి మొదలైనప్పటి నుంచి నిలబడి వింటోందట. ఆయన ఇంతసేపూ చూసింది ఏన్కూరు వైపు.

"ఎంత బాగా చెప్తారు తాతా!" అంది. "ఇంకాసేపు వింటాను గాని, ముందు మన పని చూద్దాం. నాకు మళ్ళీ ఐదున్నర బస్సు."

"అంతే గద బిడ్డా. పేరు రాసుకో. అం, తో..."

"రాసుకోవడం కాదు తాతా." సంచిలోంచి అరచెయ్యంత టేకు చెక్క ఒకటి, చిన్న ఉలి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. రెండు పక్కలా అద్దంలా నున్నగా చిత్రిక పట్టిన చెక్క. "మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పుస్తకంలో మాటలన్నీ అచ్చక్షరాలతో వేసినా, చెక్కినవాళ్ళ పేరు మాత్రం అచ్చక్షరాలతో వెయ్యం. వాళ్ళ పేరు వాళ్ళే, వాళ్ళ చేత్తో చెక్కాలి. గోదారినే చెక్కారు మీరు, ఇదెంత! ఇక్కడే కానిచ్చెయ్యండి. ఫోటో కూడా తీసుకుంటాను."

అంతోనయ్య ఆ చెక్కను చూశాడు. బాయి లోపల దిమ్మె ఒకటి కిర్రుమన్నప్పుడు ఎటు దూకాలో చూసుకున్నట్టు నాలుగు వైపులా చూశాడు.

"ఇక్కడ ఎండ కొడుతంది బిడ్డా, కళ్ళు చెదురుతయ్."

జంపయ్య తార్పాలిన్ ఇవతలికి లాగి కట్టాడు.

"ఉలి మొద్దుగున్నట్టుంది."

దీవెన సంచిలోంచి సానరాయి తీసింది.

"నా కండ్లద్దాలు ఇంటికాడనే ఉన్నయ్. అవి లేకపోతే..."

"గింతదానికా!" మంగయ్య లేచాడు. "రెండు నిమిషాల్ల తెస్త మామా!"

"వద్దురా! ఒరేయ్, వద్దురా!" అంటుండగానే ఆటో మలుపు తిరిగింది. ముగ్గురు ప్యాసింజర్లు దొరక్కపోతే కదలని ఆటో, ఆ రోజు ఖాళీగా ఎగిరిపోయింది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచాడు కూడా. "దీవెనా, అసలు..." అన్నాడు. చుట్టూ చూశాడు. కమ్లి గంప మరిచి ముందుకు వంగింది. ముసలివాళ్ళు బస్సు వదిలేసుకున్నారు. "కానియ్యన్నా, గుడ్డేలుగు లైన్ల ఎదురుచూస్తంది!" అన్నాడు జంపయ్య. ఇంతమంది మొహాలు ఒక్కసారిగా వాడిపోవడం చూసే ధైర్యం ప్రభువు ఆయనకు ఇంకా ఇవ్వలేదు. ఉలి తీసుకున్నాడు.

ఆయన చేతిరాత మంచిదే. గుళ్ళో రిజిస్టరులో ఆయన సంతకం చూసి ఫాదరుగారే మెచ్చుకున్నారు. ఆ సంతకాన్నే తలుచుకుని, గుండ్రంగా, పొందికగా మొదలుపెట్టాడు. చెమట ముక్కు మీదుగా జారి చెక్క మీద పడుతోంది. కొంగుతో తుడిచేవాళ్ళు పక్కన లేరు. కాసేపటికి ఒక అక్షరం తేలింది, ఇంకాసేపటికి రెండోది. వంకరలు లేవు, చీలికలు లేవు. వస్తోంది! చెయ్యి వస్తోంది! ఒక్కసారిగా ఆయనకే అనిపించింది, పన్నెండూ నేనే చెక్కానేమో, నాకే గుర్తు లేదేమో అని.

ఆటో వచ్చి ఆగింది. మంగయ్య దూకి వచ్చి ఆయన భుజం మీద నుంచి తొంగి చూశాడు.

"అం... తో..." గట్టిగా చదివాడు. "అబ్బ, మామా! ఎంత సక్కగున్నయ్! నాసొంటి ఐదో తరగతోనికి గూడ చదవొస్తంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీస్తున్న దీవెన మాత్రం ఫోను దించేసింది. చెక్క వైపు చూసింది, అంతోనయ్య వైపు చూసింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అంతలో మంగయ్య వెనక నుంచి ఒక చెయ్యి కండ్లద్దాల డబ్బా అందించింది.

ఇన్నమ్మ. పనిలో ఉన్నది ఉన్నట్టే ఆటో ఎక్కి వచ్చింది. అద్దాలు ఇచ్చి, చెక్క మీదికి వంగి, రోజూ పెరట్లో అన్నట్టే అంది:

"ఏందయ్యా, గట్ల చెక్కుతున్నవ్? నాకు చదువు రాదు గాని, గా అక్షరాలు మనింట్ల క్యాలెండర్ మీద ఉన్నట్టే ఉన్నయ్. చెక్క మీద సక్కగుంటే కాగితం మీద తిరగబడదా? చెక్క మీద తిరగబడి ఉండాలె, గప్పుడు కాగితం మీద సక్కగొస్తది. గుడ్డేలుగు కాడ గూడ గిదే తప్పు చేసినవ్, ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

తెలిసి అందో తెలియక అందో నన్ను అడగకండి. ఆమెను నేనూ అడగలేదు.

జంపయ్య చాయ్ వడగట్టే గుడ్డ గాల్లో అలాగే పట్టుకుని ఉండిపోయాడు. కమ్లి మెల్లగా లేచి వచ్చి ఇన్నమ్మ ఎడమ చెయ్యి పట్టుకుంది. బొటనవేలికి ఒక పట్టీ, చూపుడువేలికి ఒక పట్టీ, అరచేతి అంచున మానిన గీతలు నాలుగైదు.

"అక్కా, కత్తిపీట తెగిందన్నవ్ గదా నాకు. నాలుగు నెలల సంది తెగుతనే ఉందా నీ కత్తిపీట?"

ఇన్నమ్మ చెయ్యి లాక్కుని కొంగులో దాచుకుంది. ఇప్పుడు అందరూ అంతోనయ్య వైపు తిరిగారు. ఇంతకుముందు కూడా అటే చూస్తున్నారు గాని, ఆ చూపు వేరు.

దీవెన ఆయన ఎదురుగా బల్ల మీద కూర్చుంది. కోపం లేదు గొంతులో. "తాతా, ఒక్కటి చెప్పండి. గుడ్డేలుగు మీ దగ్గరికి వచ్చిందా, రాలేదా?"

అంతోనయ్య ఉలి కింద పెట్టాడు. గోదారిని వంటింట్లోకి తెచ్చిన నోటితోనే తన జీవితంలోకెల్లా చిన్న కథ చెప్పాడు.

"రాలే బిడ్డా. ఆమె కాడికి వచ్చింది. పన్నెండూ ఆమె కాడికే వచ్చినయ్. నేను తలుపు తీసిన, అంతే."

ఎవరూ నవ్వలేదు. మొహాలు వాడిపోతాయని ఆయన భయపడ్డాడు గాని, అవి వాడిపోలేదు. నిదానంగా ఆయన మీద నుంచి ఇన్నమ్మ మీదికి జరిగాయి. అంతమంది తనను చూడడం ఎలా ఉంటుందో తెలియని ఇన్నమ్మ వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకుంది.

"అమ్మమ్మా," అంది దీవెన, చెక్కను రెండో పక్కకు తిప్పి ఆమె ముందుకు జరుపుతూ. "ఈ పక్క ఖాళీగా ఉంది. మీ పేరు చెక్కండి."

"నాకెందుకు బిడ్డా పేరు," అంది. కాని చేతులు అప్పుడే కొంగుకు తుడుచుకుంటోంది. కూర్చుంది. చెక్కను వేలితో తడిమింది. చిన్నగా అంది: "నా పేరు ఎట్లుంటదో నేనెన్నడు చూడలే. ఆధార్ కార్డు మీద ఉందంటరు. ఎవరన్నా రాసియ్యాలె."

దీవెన పల్చటి కాగితం, పెన్సిలు తీసింది. తీసి, తను రాయకుండా అంతోనయ్యకు ఇచ్చింది.

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. రిజిస్టరులో సంతకం కంటే, పెళ్ళి కాగితం మీద సంతకం కంటే నిదానంగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు. ఇన్నమ్మ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"గింతేనా? మూడే ఉన్నయ్. కింద రెండు వేలాడుతున్నయేంది?"

"అవి గూడ నీ పేరే," అన్నాడు అంతోనయ్య.

ఆమె కాగితాన్ని బోర్లా తిప్పి చెక్క మీద అదిమింది. వెనక నుంచి కనిపిస్తున్న పెన్సిలు గీత పక్కన ఉలి ఆనించింది. ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. అంతోనయ్య కూడా. పొట్టు సన్నసన్నగా లేచి ఆమె ఒళ్ళో పడుతోంది, ఆయన పక్కన కూర్చుని చెక్క కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

ఇక ఉండబట్టలేక మంగయ్య వంగి చూశాడు. తల కుడికి వాల్చాడు, ఎడమకు వాల్చాడు.

"అత్తా, తప్పు పోయినట్టుంది చూడు. ఒక్క అక్షరం గూడ చదవొస్తలేదు."

"అవ్," అంది ఇన్నమ్మ, తల ఎత్తకుండా పొట్టు ఊదుతూ. "ఇప్పుడు సరిగొచ్చింది."